ఒక కర్ర, దాని నీడ: డాబా మీదే భూమిని కొలవడం ఎలా

పరీక్షల ముందు మా అమ్మాయి భూమి పాఠం బట్టీ పడుతుంటే పక్కనే కూర్చుని విన్నాను. భూమి గుండ్రంగా ఉంటుంది, తన చుట్టూ తాను తిరుగుతుంది, అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉంటుంది, అందుకే ఋతువులు వస్తాయి. అన్నీ సరిగ్గానే అప్పజెప్పింది. "ఇవన్నీ నిజమని నీకెలా తెలుసమ్మా?" అని అడిగితే "పుస్తకంలో ఉంది కదా నాన్నా" అంది. ఆ జవాబు చాలా రోజులు నా మనసులో ఉండిపోయింది. ఎందుకంటే భూమి ఎంత పెద్దది, సూర్యుడి దారి ఎంత వంగి ఉంది లాంటివి టెలిస్కోపులు కూడా లేని రోజుల్లోనే, నేలలో పాతిన ఒక కర్ర నీడ చూసి లెక్కగట్టారు మనుషులు. ఆ కర్ర మనమూ పాతొచ్చు. డాబా ఉంటే చాలు, ఖర్చు వంద రూపాయలు కూడా కాదు.

ఆ కర్రకు మన దగ్గర పాత పేరే ఉంది, శంకువు. ఇల్లు కట్టే ముందు శంకుస్థాపన చేస్తాం కదా, ఆ మాటలో ఉన్నది ఇదే. చదును చేసిన నేల మీద శంకువు పాతి, దాని చుట్టూ వృత్తం గీసి, నీడ ఆ వృత్తాన్ని ఎక్కడ తాకుతుందో గుర్తు పెట్టి దిక్కులు కనుక్కునే పద్ధతి, యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత గ్రంథం కాత్యాయన శుల్బ సూత్రంలో ఉంది. మనం చేయబోయే మొదటి పని అదే.

కర్ర నిలబెట్టడం

ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎండ తగిలే చోటు చూడండి. వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి గోడ నీడ పడకూడదు. మీటరు పొడవున్న సన్నటి పైపో, కర్రో తీసుకోండి. ఇసుక నింపిన బకెట్టులో గుచ్చితే కదలకుండా నిలబడుతుంది, కానీ ఎత్తు మాత్రం కర్ర చివరి నుంచి నీడ పడే నేల దాకా కొలవాలి, ఇసుక దాకా కాదు.

కర్ర నిటారుగా ఉండాలి, నేల మట్టంగా ఉండాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత చేసే లెక్కంతా వృథా. కర్ర ఒక్క డిగ్రీ ఉత్తరానికో దక్షిణానికో వాలిందంటే, చివర్లో లెక్కలో మీ ఊరు 111 కిలోమీటర్లు జరిగిపోతుంది! మేస్త్రీలు గోడ నిటారుగా ఉందో లేదో చూడడానికి గుండు వేలాడదీస్తారు, మీరు దారానికి ఒక నట్టు కట్టి అదే పని చేయండి, రెండు వైపుల నుంచీ చూడండి. డాబాలకు వాన నీళ్ళు పోవడానికి వాలు పెడతారు కాబట్టి నేల మట్టం మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఒక చెక్క పలక వేసి, కింద అట్టముక్కలు దూర్చి, రసమట్టంతో సరిచేసుకుంటే మంచిది. రసమట్టం దొరక్కపోతే పళ్ళెంలో నీళ్ళు పోసి అంచుల దగ్గర నీటి మట్టం సమానంగా ఉందేమో చూసుకోవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. నీడ చివర ఎప్పుడూ స్పష్టంగా ఉండదు, మసగ్గా ఉంటుంది, మీటరు కర్రకు ఆ మసక సెంటీమీటరు దాకా వస్తుంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ, కాబట్టి పై అంచు నుంచి వచ్చే వెలుగు ఒక చోట, కింది అంచు నుంచి వచ్చేది ఇంకో చోట నీడను కోస్తాయి. దీనికి తేలిక మందు: కర్ర బదులు ఎత్తయిన స్టూలు అంచున ఒక అట్టముక్క బయటకు పొడుచుకు వచ్చేలా అంటించి, అందులో 3 మిల్లీమీటర్ల కన్నం పెట్టండి. కన్నం నుంచి గుండు వేలాడదీసి, కింద అది చూపించిన చోటే కర్ర మొదలు అనుకోండి. అట్ట నీడ మధ్యలో ఒక గుండ్రటి వెలుగు చుక్క పడుతుంది, దాని నడిమధ్యకు కొలిస్తే చాలు. ఆ గుండ్రటి చుక్క సూర్యుడి బొమ్మే. వేపచెట్టు కింద నేల మీద కనిపించే గుండ్రటి మచ్చలు కూడా ఇవే, ఆకుల సందుల్లోంచి పడిన సూర్యుడి బొమ్మలు. 2019 డిసెంబర్ 26 సూర్యగ్రహణం ఉదయం మబ్బు లేని చోట చెట్ల కింద చూసినవాళ్ళకు ఆ మచ్చలన్నీ నెలవంకల్లా కనిపించి ఉంటాయి.

ఒక్క జాగ్రత్త. సూర్యుడి వైపు నేరుగా చూడకండి, కన్నంలోంచి అసలే చూడకండి. చూడాల్సింది నేల మీద నీడనే. టోపీ, మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి.

దిక్కులు, మధ్యాహ్నం

ఉదయం పది గంటల ప్రాంతంలో నీడ చివర ఒక గుర్తు పెట్టండి. కర్ర మొదలుకు పురికొస కట్టి, ఆ గుర్తు దాకా సాగదీసి, చాక్‌పీసుతో వృత్తం గీయండి. నీడ పొట్టిదవుతూ వృత్తం లోపలికి వచ్చి, మధ్యాహ్నం తర్వాత మళ్ళీ పొడుగవుతూ అవతలి వైపు వృత్తాన్ని తాకుతుంది. తాకిన క్షణాన రెండో గుర్తు. రెండు గుర్తులనూ కలిపే గీత తూర్పు పడమరలు, ఆ గీత మధ్య నుంచి కర్ర మొదలుకు గీసినది ఉత్తర దక్షిణాలు. ఇది ఫోన్‌లో దిక్సూచి కన్నా నమ్మదగిన గీత, ఎందుకంటే డాబాలో ఇనుప చువ్వలుంటాయి, అవి దిక్సూచిని లాగుతాయి. నీడను ఏ ఇనుమూ లాగలేదు.

ఈ గీత గీశాక పిల్లలకు మొదటి ఆశ్చర్యం ఎదురవుతుంది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని ఒకటో తరగతి నుంచీ చెబుతాం కదా, తెల్లవారుజామున డాబా ఎక్కి చూస్తే సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదిలో రెండు సార్లే, మార్చి 20, 21 ప్రాంతంలో, మళ్ళీ సెప్టెంబర్ 22, 23 ప్రాంతంలో. జూన్ చివర్లో హైదరాబాద్‌లో తూర్పు నుంచి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి వస్తాడు, డిసెంబర్‌లో అంతే దక్షిణానికి.

రెండో ఆశ్చర్యం గడియారం. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండి ఉత్తర దక్షిణ గీత మీద పడే క్షణమే మీ ఊరి అసలు మధ్యాహ్నం. అది 12 గంటలకు రాదు. భారత కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, ఆ గీత మన కాకినాడకు దగ్గర్లోంచి పోతుంది. భూమి డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. హైదరాబాద్ 78.5 దగ్గర ఉంది, 4 డిగ్రీలు పడమరకు, అంటే 16 నిమిషాలు ఆలస్యం. సగటున 12 గంటల 16 నిమిషాలకు అన్నమాట. సగటున అని ఎందుకంటున్నానంటే, ఇది ఏడాది పొడవునా అటూ ఇటూ ఊగుతుంది: ఫిబ్రవరి రెండో వారంలో 12:30 దాకా పోతుంది, నవంబర్ మొదట్లో సరిగ్గా 12 దగ్గరికి వస్తుంది. భూమి కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం, అక్షం వంగి ఉండడం, ఈ రెండూ కలిసి చేసే పని ఇది. అందుకని 11:50 నుంచి 12:40 దాకా ఐదేసి నిమిషాలకు ఒక గుర్తు పెట్టి, అన్నిటికన్నా పొట్టి నీడ ఎంతో తీసుకోండి. ఒక్క కొలతతో సరిపెట్టకండి.

నీడ నుంచి అక్షాంశం

కర్ర ఎత్తు 100 సెం.మీ., పొట్టి నీడ ఎంతో మీ దగ్గరుంది. పదో తరగతి పిల్లలైతే నీడను ఎత్తుతో భాగించి టాన్ విలువ నుంచి కోణం తీస్తారు. చిన్నవాళ్ళు గ్రాఫ్ కాగితం మీద 10 సెం.మీ. నిలువు గీత, దాని కింద నీడను పదో వంతుకు తగ్గించి అడ్డగీత, రెండు చివరలూ కలిపి, పైన ఏర్పడిన కోణాన్ని కోణమానినితో కొలిస్తే సరిపోతుంది. నిజానికి నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే కోణం కళ్ళ ముందు కనిపిస్తుంది. సూర్యుడు మీ నడినెత్తి నుంచి ఎంత దిగి ఉన్నాడో ఆ కోణం చెబుతుంది.

మార్చి 21న కొలిస్తే ఆ కోణమే మీ అక్షాంశం. హైదరాబాద్‌లో నీడ సుమారు 31 సెం.మీ. వస్తుంది, కోణం 17.4 డిగ్రీలు. అట్లాసు తెరిచి చూసుకోండి. మిగతా రోజుల్లో సూర్యుడు భూమధ్యరేఖకు ఉత్తరానో దక్షిణానో ఉంటాడు కాబట్టి ఆ రోజు ఎంత జరిగాడో కలపాలి లేదా తీసెయ్యాలి. డిసెంబర్ 22న 23.4 డిగ్రీలు దక్షిణాన, జనవరి 21కి 20, ఫిబ్రవరి 19కి పదకొండున్నర, మార్చి 21కి సున్నా, ఏప్రిల్ 20కి ఉత్తరాన పదకొండున్నర, మే 21కి 20, జూన్ 21కి 23.4, అక్కణ్ణుంచి అదే దారిలో వెనక్కి. దక్షిణాన ఉంటే కోణంలోంచి తీసెయ్యండి, ఉత్తరాన ఉండి నీడ ఇంకా ఉత్తరానికే పడుతుంటే కలపండి. డిసెంబర్ 22న హైదరాబాద్‌లో నీడ 86 సెం.మీ., కోణం 40.8, అందులోంచి 23.4 తీస్తే మళ్ళీ 17.4. ఈ లెక్క మా అమ్మాయి స్వయంగా చేసి, అట్లాసులో అంకెతో సరిపోగానే డాబా మీంచి కేక పెట్టింది.

నీడ కొలతలో ఒక సెంటీమీటరు తప్పితే కోణం అర డిగ్రీ దాకా మారుతుంది, అంటే నేల మీద 55 కిలోమీటర్ల పైనే. "నాకు 18 వచ్చింది, తప్పా?" అని పిల్లలు టెన్షన్ పడతారు. తప్పు కాదని చెప్పండి. ఎంత తేడా వచ్చింది, ఎందుకు వచ్చి ఉంటుంది అని రాసుకోమనండి. నా దృష్టిలో సైన్సు రికార్డులో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. సరైన జవాబు ముందే చూసుకుని కొలతను దానికి తగ్గట్టు దిద్దే అలవాటు మన పిల్లలకు ఎలాగో అబ్బుతుంది, దాన్ని ఇక్కడే ఆపాలి.

నీడ లేని రోజు

మకర, కర్కట రేఖల మధ్య ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారు కర్రకు నీడ మాయమవుతుంది. మన రెండు రాష్ట్రాలూ మొత్తంగా ఈ పట్టీలోనే ఉన్నాయి, ఢిల్లీ పిల్లలకు ఈ అదృష్టం లేదు. ఒక రోజు అటూ ఇటూగా తిరుపతిలో ఏప్రిల్ 26, కడపలో ఏప్రిల్ 29, విజయవాడలో మే 6, హైదరాబాద్‌లో మే 9, విశాఖలో మే 10, ఆదిలాబాద్‌లో మే 18. దక్షిణం నుంచి ఉత్తరానికి సూర్యుడు ఊరూరూ దాటుకుంటూ వెళ్ళడం ఈ తేదీల్లోనే కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో జూలై చివర్లో, ఆగస్టులో మళ్ళీ వస్తాడు, హైదరాబాద్‌కు ఆగస్టు 3న, కానీ అప్పుడు వానాకాలం మబ్బులు కాబట్టి మే నెలనే నమ్ముకోండి. సెలవులే కదా. కర్ర బదులు ఒక స్టీలు గ్లాసు బోర్లిస్తే సరిపోతుంది, చిన్నపిల్లలకు అదే బాగా నచ్చుతుంది.

ఈ రెండు తేదీల మధ్య ఏమవుతుందో చాలామంది పెద్దవాళ్ళు కూడా గమనించి ఉండరు. మే 9 నుంచి ఆగస్టు 3 దాకా హైదరాబాద్‌లో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. జూన్ 21న మీటరు కర్రకు సుమారు పదిన్నర సెంటీమీటర్లు, దక్షిణం వైపు. అందుకే ఆ రోజుల్లో ఉత్తరం వైపు కిటికీలోంచి ఎండ వస్తుంది.

డిసెంబర్ 22 నీడ కోణం 40.8 రాసుకోండి. జూన్ 21 నీడ కోణం 6, కానీ అవతలి వైపు. రెండూ కలిపితే 46.8. దాన్ని సగం చేస్తే 23.4. పాఠంలో బట్టీ పట్టిన ఆ అంకె మీ డాబా మీద, మీ టేపుతో దొరికింది. ఆరు నెలలు ఆగాలి, నిజమే, కానీ ఆగినందుకు దక్కేది చిన్నదేమీ కాదు.

ఇక ఋతువులు. భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు ఎండాకాలం అని చాలామంది పిల్లలు అనుకుంటారు. నిజానికి మనం సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, చలికి వణికేటప్పుడు, 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జూలై మొదట్లో 15.2 కోట్లు. దూరం వల్ల కాదని తేలిపోయింది, మరి దేనివల్ల? రాత్రి లైట్లు ఆర్పి టార్చ్ లైటు గచ్చు మీదకు నిలువుగా వేయండి, చిన్న గుండ్రం. ఇప్పుడు అదే ఎత్తు నుంచి వాల్చి వేయండి, పొడుగ్గా సాగి వెలుతురు పలచబడుతుంది. డిసెంబర్ మధ్యాహ్నం హైదరాబాద్ నేలకు పడే ఎండ ఇలా సాగడం వల్లే దాదాపు పావు వంతు పలచబడుతుంది, దానికి తోడు పగలు 11 గంటలే, జూన్‌లో 13 పైన. సూర్యుడు జూన్‌లో కూడా నడినెత్తికి దగ్గర్లోనే ఉన్నా మే నెలే ఎక్కువ మండడానికి కారణం మబ్బులూ వానలూ, జూన్‌లో నైరుతి ఋతుపవనాలు వచ్చేస్తాయి.

సంక్రాంతి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కర్ర పాతిన ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తుంది. ఉత్తరాయణం జనవరి 14న మొదలంటాం కదా, నీడేమో డిసెంబర్ 22 నుంచే తగ్గడం మొదలుపెడుతుందేం? రెండూ రెండు లెక్కలు. పంచాంగం నక్షత్రాలను ఆధారం చేసుకుని సూర్యుడు మకర రాశిలోకి ప్రవేశించే రోజును చెబుతుంది. తిరిగే బొంగరం తల ఊగినట్టు భూమి అక్షం కూడా ఊగుతుంది, ఒక ఊపు పూర్తవడానికి సుమారు 26,000 ఏళ్ళు, దాంతో ఈ రెండు తేదీల మధ్య సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతోంది. దాదాపు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒకే రోజున పడేవి. పండుగను, కర్రను ఎదురెదురుగా నిలబెట్టాల్సిన పనిలేదు.

భూమి చుట్టుకొలత

ఇందుకు వేరే ఊళ్ళో ఒక తోడు కావాలి. మేనత్త కొడుకో, పిన్ని కూతురో ఎవరైనా సరే, మీ ఊరికి నేరుగా ఉత్తరానో దక్షిణానో ఉంటే చాలు. మన దగ్గర చక్కగా కుదిరే జత ఆదిలాబాద్, కడప. రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి, మధ్యాహ్నం ఒకటి రెండు నిమిషాల తేడాతో వస్తుంది. అట్లాసులో స్కేలు పెట్టి కొలిస్తే మధ్య దూరం సుమారు 575 కి.మీ. బస్సు దూరం తీసుకోవద్దు, రోడ్డు వంకర్లు తిరుగుతుంది.

ఒకే రోజు, ఒకే ఎత్తు కర్రతో, ఇద్దరూ పొట్టి నీడ కొలిచి ఫోన్ చేసుకోండి. కోణాల తేడా దాదాపు 5.2 డిగ్రీలు రావాలి. రెండు ఊళ్ళలోనూ నీడ ఒకే వైపు పడే రోజైతే, సూర్యుడు ఎక్కడున్నాడో కూడా అక్కర్లేదు, తీసివేతలో అది ఎగిరిపోతుంది. 360ని 5.2తో భాగించి 575తో గుణించండి: సుమారు 39,800 కి.మీ. ధ్రువాల మీదుగా భూమి అసలు చుట్టుకొలత 40,008. మీ తేడా 4.7 వచ్చిందనుకోండి, చుట్టుకొలత 44,000 వస్తుంది. అరడిగ్రీ ఎంత పని చేస్తుందో అప్పుడు అర్థమవుతుంది, అందుకే మూడు నాలుగు రోజులు కొలిచి సగటు తీయండి.

క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు చేసింది ఇదే. దక్షిణాన సైయీన్‌లో, అంటే నేటి అస్వాన్‌లో, ఏడాదిలో ఒక మధ్యాహ్నం నీడ ఉండదని ఆయనకు తెలుసు, అదే రోజు అలెగ్జాండ్రియాలో 7.2 డిగ్రీలు వచ్చింది, వృత్తంలో యాభయ్యో వంతు. రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని యాభైతో గుణించాడు, అంతే. మన నేల మీద కూడా ఈ పని జరిగింది. 1802లో మద్రాసులో మొదలుపెట్టి, బ్రిటిష్ సర్వే అధికారి విలియం లాంబ్టన్ 78 డిగ్రీల రేఖాంశం పక్కనే దక్కన్ మీదుగా భూమిని గొలుసులతో, కోణాలతో కొలుస్తూ ఉత్తరానికి సాగాడు, ఆ పనిలోనే 1823లో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు, తర్వాత జార్జ్ ఎవరెస్ట్ దాన్ని హిమాలయాల పాదాల దాకా తీసుకెళ్ళాడు. ఆదిలాబాద్, కడప గీత దాని పక్కనే ఉంది.

తెలివైన పిల్లలు ఇక్కడ అడ్డుపడతారు, పడనివ్వండి: "భూమి బల్లపరుపుగా ఉండి సూర్యుడు దగ్గర్లో ఉన్నా రెండు ఊళ్ళలో నీడ వేరుగానే పడుతుందిగా?" మంచి ప్రశ్న. వీధి దీపం కింద అలాగే జరుగుతుంది. దీన్ని తేల్చడానికి చిన్న అద్దం తీసుకుని, మధ్యలో 5 మిల్లీమీటర్ల కన్నం వదిలి మిగతాదంతా కాగితంతో మూసేయండి. ఎండలో కదలకుండా నిలబెట్టి, వెలుగును 10 మీటర్ల దూరంలో చీకటి గది గోడ మీదకు మళ్ళించండి. దాదాపు 9 సెం.మీ. సూర్యుడు గోడ మీద వెలుగుతాడు. ఉదయం ఎనిమిదికి కొలవండి, మధ్యాహ్నం కొలవండి. సూర్యుడు వేల కిలోమీటర్ల దూరంలోనే ఉంటే మధ్యాహ్నం పెద్దగా, ఉదయం చాలా చిన్నగా ఉండాలి. అలా ఉండడు, ఎప్పుడు కొలిచినా అంతే. గోడ మీద బొమ్మ చుట్టూ పెన్సిలు గీసి రెండు నిమిషాలు ఆగితే బొమ్మ ఆ గీతలోంచి పూర్తిగా బయటకు జరిగిపోతుంది. భూమి తిరుగుతున్న వేగం అది.

కర్రను ఆ తర్వాత కూడా తీసెయ్యకండి. వారానికి ఒకరోజు, గడియారంలో సరిగ్గా ఒకే టైముకు, 12:15 అనుకోండి, నీడ చివర ఒక పెయింటు చుక్క పెట్టి తేదీ రాస్తూ పోండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ను ముందే అడగండి, లేదా పాత ప్లైవుడ్ పలక మీద చేయండి, పలకను మాత్రం జరపొద్దు. చుక్కలు ఒకే గీత మీద ఉంటాయనుకుంటాం, ఉండవు, నెమ్మదిగా పక్కకు వంపు తిరుగుతాయి, మబ్బు పట్టిన వారాలు ఖాళీగా పోయినా ఫర్వాలేదు. ఏడాది తిరిగేసరికి అవి సన్నగా సాగిన 8 అంకెలా కనిపిస్తాయి. ఫిబ్రవరిలో 12:30కి, నవంబర్‌లో 12కి మధ్యాహ్నం అయిందని రాసుకున్నారు కదా, ఆ నోట్సు పక్కన పెట్టుకుని 8లో ఏ వంపు ఏ నెలదో పిల్లలనే చెప్పమనండి.